రెండు ముళ్ళు ఎక్కువ

ఏడో కొయ్య పుస్తకం. ముందు పేజీలు గట్టు ఆఫీసువాళ్ళవి. వెనక పేజీలు నావి. రాసేది మాణిక్యం.

ఫాల్గుణం 6

నీరు: పైన 25 డిగ్రీలు, అడుగున 24. పళ్ళెం: పద్నాలుగు ముళ్ళు అని రాశాను. ఆయన చెప్పింది పన్నెండు.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ పుస్తకం రాస్తున్నాను. చెప్పిన అంకె కాకుండా వేరే అంకె వేయడం ఇదే మొదటిసారి.

పొద్దున మామూలుగానే నాంచారయ్య, అంటే మా ఆయన, తెప్ప అంచున పలక మీద బోర్లా పడుకుని పళ్ళెం దించాడు. నేను వీపు తిప్పి కూర్చున్నాను. చూసేవాళ్ళు రాయకూడదు, రాసేవాళ్ళు చూడకూడదు. కొల్లేటి నీరు కొలిచే తెప్పల్ని కొయ్యలంటారు, నలభై కొయ్యల్లోనూ ఇదే పద్ధతి. మొదట్లో నీళ్ళలో మర కళ్ళు, అంటే చూసే యంత్రాలు, పెట్టారట. మూడో రోజుకే వాటి మీద పాకుడు పట్టి, తేటనీళ్ళని కూడా చీకటి అని చెప్పేవట. అందుకని మనుషుల్ని పెట్టారు. ఒక్క మనిషిని నమ్మలేక ఇద్దరిని పెట్టారు.

పని చిన్నదే. తెల్లటి పళ్ళేన్ని తాడుతో దించుతూ పోవాలి. అది కంటికి మాయమైన చోట ఆపాలి. తాడుకి బెత్తెడుకో ముడి ఉంటుంది. ఎన్ని ముళ్ళు మునిగితే నీరు అంత తేట. ముళ్ళు తగ్గుతున్నాయంటే నీళ్ళలో పచ్చ పెరుగుతోందని. పచ్చ అంటే నాచు కాదు, కంటికి ఆనని పసరు. గట్టువాళ్ళు దాన్ని ప్లాంక్టన్ అంటారు.

ఆయన "మాయమైంది" అన్న క్షణానే నా వెనక గూడబాతు ఒకటి రెక్కలు టపటపలాడించింది. ఉలిక్కిపడి తిరిగాను. తిరగకూడదు, తిరిగాను. నీళ్ళలో పళ్ళెం కడిగి బోర్లించినంత తెల్లగా కనిపిస్తోంది. ఆయన తాడు ఆపేసి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో ముళ్ళు తడుముకుంటున్నాడు. ఆ తాడు నాకు కొత్తా? ఇంకో రెండు ముళ్ళు దిగితేగాని పళ్ళెం మాయం కాదు. నేను మళ్ళీ వీపు తిప్పేసుకున్నాక "పన్నెండు" అని కేకేశాడు.

రెండు కలిపి వేశాను.

ఫాల్గుణం 7

నీరు: పైన 25, అడుగున 24. పళ్ళెం: పద్నాలుగు. చెప్పింది పన్నెండు.

ఎందుకు కలిపానో రాసుకోవాలి. లేకపోతే రేపు నాకే అర్థం కాదు.

చూపు మందగించిన వాళ్ళు పళ్ళెం పట్టకూడదు. గట్టెక్కి కంటి ఆపరేషన్ చేయించుకోవాలి. ఆపరేషన్ పావుగంట పని. కాని గట్టెక్కిన మనిషి ఏడాది దాకా సరస్సులోకి తిరిగి రాకూడదు. వెనకటికి ఎవరిదో వల వెంట పొక్కుతెగులు వచ్చి చేపలన్నీ పోయాయి. అప్పటినుంచి సరస్సులోకి వచ్చే తలుపుల దగ్గర ఇదే నియమం. సరుకుల పెట్టెల్ని కూడా ఉడకబెట్టిన నీళ్ళతో కడిగి తాడు మీద జార్చి పంపుతారు. కొయ్యని ఖాళీగా వదలకూడదు కనుక ఇద్దరం వెళ్ళడం కుదరదు. ఆయనకి అరవై ఆరు, నాకు అరవై ఒకటి. మేం ఇన్నేళ్ళలో ఒక్క పూట విడిగా అన్నం తినలేదు. ఈ వయసులో ఏడాదంటే ఎంత, దానిలో మాకు మిగిలేదెంత?

అందుకని కలిపాను. ఆయన కన్ను రెండు తగ్గిస్తోంది, నా కలం ఆ రెండూ తిరిగి ఇస్తోంది. నీళ్ళకి జరిగిన అన్యాయం ఏమీ లేదు.

ఇంకో దారి ఉంది. ఆయన స్నానం చేసే వేళ నేనే పళ్ళెం దించి చూడొచ్చు. రాసే మనిషి పళ్ళెం ముట్టుకుంటే రాసే హక్కు పోతుందంటారు. దానికి నేను భయపడలేదు. ఆయన వెనకాల ఆయన పని సరిచూడడానికి మనసొప్పలేదు.

ఫాల్గుణం 15

నీరు: పైన 26, అడుగున 24న్నర. పళ్ళెం: పద్నాలుగు. చెప్పింది పన్నెండు.

చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. సరుకుల పెట్టె వస్తుంటే "ఎవరా మనిషి, కూర్చోమను" అన్నాడు. నవ్వితే తనూ నవ్వాడు, వేళాకోళానికి అన్నట్టు.

రోజూ పళ్ళెం తీశాక నీళ్ళలోంచి ఒక తెల్లకలువ తెంపి నాకిస్తాడు. పెళ్ళయిన నాటి నుంచి ఉన్న అలవాటు, ఎండాకాలం పూలు లేని రోజుల్లో ఆకన్నా తెస్తాడు. ఇవాళ కలువ అనుకుని గూడబాతు ఈక తెచ్చి చేతిలో పెట్టాడు. తడి ఈక, నీచు వాసన.

కొప్పులో పెట్టుకున్నాను. సాయంత్రం దాకా తీయలేదు.

ఫాల్గుణం 22

నీరు: పైన 27న్నర, అడుగున 25. పళ్ళెం: పదమూడు. చెప్పింది పదకొండు.

ఉష్ణోగ్రత నా పని. పళ్ళేనికి ఆయన కళ్ళెలాగో, దీనికి నా చెయ్యి అలాగ. మూత ఉన్న ఇత్తడి సీసాలో పాదరసం గొట్టం పెట్టి నాలుగు బారల లోతుకి దించుతాను. అడుగున మూత లాగితే అక్కడి నీళ్ళు నిండుతాయి. పైకి తీసి, చల్లదనం పోకముందే చదవాలి. గొట్టం మీద గీతలు నా కంటికి ఇంకా బాగానే ఆనుతున్నాయి, దేవుడి దయ.

చలికాలంలో పైనీరు, అడుగునీరు కలిసిమెలిసి ఉంటాయి. రాత్రి పైన చల్లబడిన నీరు కిందికి దిగుతుంది, అడుగున ఉన్న బలం పైకొస్తుంది. అప్పుడు పుట్టే పచ్చ గోధుమ రంగులో ఉంటుంది. చేపపిల్లలకి అదే చనుబాలు. మాఘం దాకా దాని రాజ్యమే. ఎండలు ముదిరే కొద్దీ పైనీరు వేడెక్కి, తేలికై, అడుగునీటితో మాటలు మానేస్తుంది. ఒకే ఇంట్లో మేడ మీద ఒకరు, కింద ఒకరు అలిగి కూర్చున్నట్టు. రెండింటికీ మూడు డిగ్రీల తేడా దాటిందంటే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. గాలి కూడా కట్టేస్తే నీలిపచ్చ పుడుతుంది. అది విషం. పగలంతా మేడ మీద జల్సా చేసి, తెల్లారేసరికి నీళ్ళలో ఉన్న ప్రాణవాయువంతా తనే తాగేస్తుంది.

ఇవాళ తేడా రెండున్నర.

చైత్రం 1

నీరు: పైన 29, అడుగున 25న్నర. పళ్ళెం: పదకొండు. చెప్పింది తొమ్మిది.

ఉగాది. వేపపువ్వు గట్టు నుంచి పెట్టెలో వచ్చింది. పువ్వు ఏరి పెట్టమంటే ఆయన శ్రద్ధగా పుల్లలన్నీ ఏరి గిన్నెలో వేశాడు, పువ్వుని నీళ్ళలో పారబోశాడు. పుల్లల పచ్చడి తిన్నాం.

"ఈ ఏడు చేదు గట్టిగా తగిలింది" అన్నాడు.

"పుల్లలు నవుల్తుంటే తగలదా మరి" అనబోయి మింగేశాను.

తొమ్మిది ముళ్ళంటే తగ్గినట్టే. కాని దానికి నా రెండు కలిస్తే పదకొండు. పదకొండుకి కంగారు పడేదేమీ లేదు. జెండా ఎత్తాల్సింది ఆరుకి దిగితే. అప్పుడు గట్టువాళ్ళు గాలి పుట్టించే ఏరియేటర్ పడవలు పంపుతారు, పెద్దలంకకి మంచినీళ్ళు తోడే గొట్టం మూసేస్తారు. పెద్దలంకలో నాలుగువేల గడప ఉంది, అందరూ తాగేది మా కొయ్య దగ్గరి నీళ్ళే.

చైత్రం 8

నీరు: పైన 31, అడుగున 26న్నర. పళ్ళెం: తొమ్మిది. చెప్పింది ఏడు.

గాలి కదిలి ఆరు రోజులైంది. ఆరేసిన చీర ఆరేసినట్టే ఉంది. తేడా నాలుగున్నర. నా గొట్టం నాకు ఒకటి చెబుతోంది, నా పుస్తకం ఇంకొకటి చెబుతోంది. తొమ్మిది ముళ్ళ నీళ్ళకి ఈ వేడి నప్పడం లేదు.

ఆయన కళ్ళు ఇంకా దిగజారాయేమో. అలాగైతే ఇంకా కలపాలి కాని తగ్గించకూడదు. ఎటూ తేలక, రెండే ఉంచాను.

పళ్ళెం తీశాక ఆయన పలక మీంచి లేవలేదు. "రాశావా?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగని మాట. పలక దిగాక పళ్ళెం ఊసెత్తకూడదన్నది కూడా మా పద్ధతుల్లో ఒకటి. మొగుడూ పెళ్ళాలు అన్నం దగ్గర మాట్లాడుకుని అంకెలు సర్దుకుంటారని గట్టువాళ్ళ అనుమానం.

"రాశాను" అన్నాను.

"సరే" అని తాడు చుట్టడం మొదలెట్టాడు.

చైత్రం 11

నీరు: పైన 32, అడుగున 27. పళ్ళెం: ఎనిమిది. చెప్పింది ఆరు.

తెల్లారగట్ల మొహం కడుక్కుంటుంటే తెప్ప పక్కన చేపలు నోళ్ళు తెరిచి పైకొచ్చాయి. ఎండ ఎక్కాక మళ్ళీ దిగిపోయాయి. బిందె అంచున నీలంగా సన్నటి గీత. వేలితో తుడిచి చూశాను, జిడ్డుగా ఉంది. పచ్చిగడ్డి కుళ్ళిన వాసన.

ఆరు అన్నాడు. మామూలుగా అయితే ఆ మాట వినగానే జెండా ఎత్తాలి. ఎత్తితే పక్క కొయ్య నుంచి చూసే మనిషి వచ్చి, ఆయన పక్కనే పడుకుని, మళ్ళీ పళ్ళెం దించి సరిచూస్తుంది. ఆ మనిషి ఎనిమిదంటుంది. ఈయన ఆరంటాడు. ఇక కళ్ళ సంగతి దాగదు. జెండా ఎత్తానంటే మా ఆయన్ని నేను గట్టెక్కించినట్టే.

నీళ్ళు బాగా లేవని నా గొట్టానికి తెలుసు. అయినా ఎనిమిది అంటే ఇంకా రెండు ముళ్ళ గడువుంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మధ్యాహ్నం ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని జెండా కర్ర వైపే చూస్తూ నిలబడ్డాడు. కర్ర ఎక్కడుందో కంటికి ఆనక వెతుక్కుంటున్నాడనుకున్నాను.

చైత్రం 12

నీరు: పైన 32, అడుగున 27. పళ్ళెం కింద రాస్తాను.

పొద్దున మళ్ళీ ఆరన్నాడు, ఎనిమిది వేసి గట్టుకి పంపాను. చేపలు ఇంకా ఎక్కువసేపు పైనే ఉన్నాయి.

రేడియోలో మధ్యాహ్నం పూట నీటి వార్తలొస్తాయి. రోజుకి ఒక్క కొయ్య లెక్కే చదువుతారు, నలభై రోజులకి ఒకసారి మన వంతు వస్తుంది. ఇవాళ ఏడో కొయ్య వంతని నాకు గుర్తే లేదు. జెల్లల పులుసు పోసుకుని అన్నం కలుపుతున్నాం. రేడియో మనిషి ఎప్పటిలాగే నిద్రగొంతుతో చదివాడు.

"ఏడో కొయ్య. నీరు పైన ముప్పై రెండు, అడుగున ఇరవై ఏడు. పళ్ళెం ఎనిమిది ముళ్ళు. చూసినవారు నాంచారయ్య. ఇతరములు ఏమీ లేవు."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఎనిమిదేంటే? నేను ఆరన్నాను."

రేడియో కట్టేశాను.

"నిన్నా ఆరన్నాను. ఇయ్యాలా ఆరన్నాను. ఇదింకా జెండా ఎత్తదేంటా అని రెండ్రోజుల నించీ సూత్తన్నాను. నువ్వెనిమిదేసేవా?"

"నీ కళ్ళు రెండు ముళ్ళు ముందే ఆగిపోతన్నాయి కదయ్యా" అన్నాను. అంటుంటేనే ఏడుపొచ్చింది. "నేను సూశాను. ఫాల్గుణంలో ఒకపాలి తిరిగి సూశాను. పళ్ళెం తెల్లగా కనపడతంటే నువ్వు మాయమైందన్నావు. ఆ రెండూ నేను కలిపి రాత్తన్నాను."

ఆయన నా మొహంలోకి చూశాడు. నా మొహం కూడా ఆయనకి మసకగానే కనిపిస్తుందని అప్పుడు తట్టింది.

"ఓసి పిచ్చిదానా" అన్నాడు, చాలా మెల్లగా. "ఆ రెండూ నేను కలిపే సెబుతున్నాను కదే. పుష్యం నించీ. నాకు కనపడింది నాలుగే."

పులుసు చేత్తోనే లేచి వెళ్ళి జెండా ఎత్తాను. తాడంతా పులుసు అంటుకుంది.

పొద్దు వాలకముందే ఎనిమిదో కొయ్య నుంచి సుభాషిణి దోనె వేసుకుని వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, మమ్మల్ని పిన్నీ బాబాయ్ అంటుంది. పలక మీద పడుకుని పళ్ళెం దించింది. నేను అలవాటుగా వీపు తిప్పాను.

"ఐదు" అంది.

ముప్పై ఆరు రోజుల తర్వాత మొదటిసారి నేను విన్న అంకె విన్నట్టు రాశాను. ఐదు.

లేచి కూర్చుని నా వంక చూసింది. "నాది కూడా తప్పుంది పిన్నీ. పుష్యంలో పులుసు గిన్నె ఇవ్వడానికొచ్చినప్పుడు, పళ్ళెం ఇంకా కనపడతందిగా బాబాయ్ అని నేనే అన్నాను. ఎన్ని ముళ్ళు తేడా వత్తందో ఇద్దరం కలిసి సూసేం. రెండు కలుపుకుని సెబుతానులే, మీ పిన్నికి సెప్పకు, అదొక్కత్తీ ఉండలేదు అన్నాడు. సరేలే అనుకున్నాను. నువ్వు కూడా కలుపుతావని కలగన్నానా?"

"తేటనీళ్ళలో రెండు తగ్గింది" అన్నాడాయన. "ఈ సిక్కటి నీళ్ళలో ఒకటే తగ్గుతంది. ఆ లెక్క నాకూ తట్టలేదు."

కనిపించింది నాలుగు. ఆయన చెప్పింది ఆరు. నేను రాసింది ఎనిమిది. నీళ్ళు చెబుతున్నది ఐదు. ఒకరిని ఒకరు కాపాడుకుంటూ నాలుగువేల గడపని గాలికి వదిలేశాం.

సుభాషిణి అడిగింది, "బాబాయ్, పుస్తకంలో నీ మాట కూడా రాయాలి. నీకెంత?"

ఆయన బోర్లా పడుకుని పళ్ళెం దించాడు. చాలాసేపు చూశాడు.

"నాలుగు" అన్నాడు. ఆ తర్వాత, "ఏమీ కలపలేదు" అన్నాడు.

చైత్రం 14

నీరు: పైన 31, అడుగున 28. పళ్ళెం: ఐదు ముళ్ళ రెండు వేళ్ళు. చూసింది సుభాషిణి.

ఏరియేటర్ పడవలు పదకొండు వచ్చాయి. వాటి మోతకి రెండు రోజులుగా చెవులు దిబ్బడేశాయి. అడుగునీరు పైకి తిప్పుతున్నాయి, తేడా మూడుకి దిగింది. నిన్న తెల్లవారుజామున మా దాపునున్న రెండు చేపల మడుల్లో కట్ల చేపపిల్లలు పోయాయి. తెల్లటి పొట్టలతో తేలాయి. తక్కినవి నిలదొక్కుకున్నాయి.

పెద్దలంక గొట్టం జెండా ఎత్తిన సాయంత్రమే మూసేశారు. అప్పటికే మూడు ఇళ్ళలో వాంతులు పట్టుకున్నాయి. ఇవాళ దోనె వేసుకుని ఆ మూడు ఇళ్ళకీ వెళ్ళాను. అందరూ లేచి తిరుగుతున్నారు. రెండిళ్ళలో ఏమీ అనలేదు. మూడో ఇంట్లో మంచానికి ఆనుకుని ఉన్న పెద్దావిడ నన్ను నిలబెట్టి కడిగేసింది. "నీ మొగుడి మీద నీకున్న పేమ మా కడుపుల్లోకి పోశావేంటమ్మా" అంది. పడ్డాను. పడాల్సిందే. వచ్చేటప్పుడు మజ్జిగ ఇచ్చింది కూడా ఆవిడే.

చైత్రం 25

గట్టు నుంచి తీర్పు వచ్చింది. ఆయన వైశాఖం రెండున గట్టెక్కాలి. ఏడాది. నాకు ఏడాది పాటు రాసే హక్కు తీసేశారు. రాయడం పోయింది కనుక, ఇక పళ్ళెం నువ్వే చూడు అన్నారు. రాయడానికి సుభాషిణి అత్తగారు నరసమ్మగారు వస్తారు. ముందు పేజీలు ఇక ఆవిడవి. వెనక పేజీల గురించి ఎవరూ ఏమీ అనలేదు, అడగలేదు కూడా.

నా మీద కోపం వచ్చిందా అని ఆయన్ని అడిగాను.

"వచ్చింది" అన్నాడు. "అడిగుంటే సెప్పేవోణ్ణి కదా అని వచ్చింది. మళ్ళీ, నేనడిగుంటే నువ్వూ సెప్పేదానివి కదా అని పోయింది."

వైశాఖం 2

నీరు: పైన 31, అడుగున 30. పళ్ళెం: ఎనిమిది. చూసింది నేనే.

నాలుగు రోజులుగా నాకు పళ్ళెం పట్టడం నేర్పాడు. ఎండకి ఎదురుగా పడుకోకూడదు, నీడ వైపు నుంచి చూడాలి. మాయమైందనుకున్నాక ఒక వేలు పైకి లాగి, మళ్ళీ కనిపించిన చోటు కూడా చూసుకోవాలి. "ఉందా లేదా అని తొందర పడమాక. కాసేపు సూత్తా ఉండు. అదే సెబుతుంది" అన్నాడు. పాత తాడు ముళ్ళు అరిగిపోయాయని కొత్త తాడుకి ముళ్ళు వేసి ఇచ్చాడు. కళ్ళతో కాదు, బొటనవేలితో కొలుచుకుంటూ వేశాడు. గట్టు కర్రతో సరిచూశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

తలుపు దగ్గర అవతల వైపు పడవ ఆగి ఉంది. మధ్యలో కడిగే తొట్టి. దాన్ని దాటితే ఇక ఏడాది దాకా వెనక్కి రావడం లేదు. సంచీలో రెండు పంచెలు, కలువగింజల పేలాలు, నా ఫోటో ఒకటి పెట్టాను. కళ్ళొచ్చాక ముందు ఫోటో చూడమన్నాను. ముసలిదాన్ని చూసి జడుసుకోకుండా అలవాటు పడాలి కదా.

నవ్వాలని అన్నాను. ఇద్దరికీ నవ్వు రాలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని, పలక మీద ముళ్ళు తడుముకున్నట్టే ఒక్కో వేలూ తడుముకున్నాడు. నేను ఏడ్చాను. ఆయనా ఏడ్చాడు. తలుపు కాపలా మనిషి మొహం అటు తిప్పుకున్నాడు.

"మనకి నెలకి ముప్పై రోజులు. మూడొందల అరవై" అన్నాడు. "నువ్వేమీ కలపమాక."

తొట్టిలో దిగేముందు వంగి, చేత్తో నీళ్ళలో వెతికి, ఒక కలువాకు తెంపి ఇచ్చాడు.

జ్యేష్ఠం 10

నీరు: పైన 32, అడుగున 31. పళ్ళెం: ఏడు.

ఆపరేషన్ అయిందని పెట్టె మీద చీటీ వచ్చింది. "బాగా కనబడుతోంది" అని అచ్చు అక్షరాల్లో రాశారెవరో. కింద ఆయన వంకర సంతకం.

నరసమ్మగారికి చెవులు కాస్త దూరం. నేను ఏడు అంటే "ఎంతమ్మా?" అంటారు. "ఏడూ!" అంటే "ఏడుస్తున్నావా?" అంటారు. ఇప్పుడు నా అంకె పక్క కొయ్యకి కూడా వినపడుతుంది. కలపడానికి, తగ్గించడానికి ఎక్కడా సందు లేదు. మంచిదే.

ఆయన కూర్చునే చోట పలక కాస్త పల్లంగా అరిగి ఉంది. అక్కడ పడుకునే చూస్తున్నాను.

భాద్రపదం 22

నీరు: పైన 29, అడుగున 28న్నర. పళ్ళెం: మూడు.

బుడమేరు వాగు నుంచి ఎర్రనీళ్ళు దిగాయి. మూడు ముళ్ళే, కాని అది పచ్చ కాదు, మట్టి. వాన తెచ్చిన మట్టికి జెండా ఉండదు. నీరు పైనా కిందా కలిసిపోయింది. చలి తగిలితే గోధుమ రంగు వస్తుంది, దాంతో చేపపిల్లలు వస్తాయి.

ఇవాళ రేడియోలో మా కొయ్య వంతు. ఈసారి గుర్తుంది. పొద్దున నరసమ్మగారిని బతిమాలి 'ఇతరములు' దగ్గర ఒక ముక్క రాయించాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి రాశారు. మధ్యాహ్నం రేడియో మనిషి అదే నిద్రగొంతుతో చదివాడు.

"పళ్ళెం మూడు ముళ్ళు. చూసినవారు మాణిక్యం. ఇతరములు: ఏమీ కలపలేదు."

గట్టు మీద ఎక్కడున్నా ఆయన రేడియో దగ్గర ఉంటాడు. ఏడో కొయ్య వంతు ఆయన మర్చిపోడు.

ఆశ్వయుజం 25

నీరు: పైన 27, అడుగున 26న్నర. పళ్ళెం: తొమ్మిది.

మట్టి దిగింది. ఇవాళ పళ్ళెం చుట్టూ మొదటిసారి సన్నగా గోధుమ రంగు కనిపించింది. వచ్చేసింది మా చలికాలపు పచ్చ. పళ్ళెం పైకి లాగుతుంటే ఆ నీళ్ళు చేతి మీంచి కారాయి. ఎవరికైనా చెప్పాలనిపించింది. నరసమ్మగారికి చెప్పాను, "ఎంతమ్మా?" అన్నారు.

మధ్యాహ్నం రేడియో పెట్టాను. నలభయ్యో కొయ్య, గట్టు తూము వంతు. అది సరస్సుకి అవతలి వైపు, తలుపు బయట. అక్కడ ఎవరు చూస్తారో కూడా నాకు తెలియదు. ఊరికే అన్నం కలుపుతూ విన్నాను.

"నలభయ్యో కొయ్య. నీరు పైన ఇరవై ఏడు, అడుగున ఇరవై ఆరు. పళ్ళెం తొమ్మిది ముళ్ళ రెండు వేళ్ళు. చూసినవారు నాంచారయ్య."

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఇతరములు: ఏమీ కలపలేదు." రేడియో మనిషి కాస్త ఆగాడు. ఇలాంటిది చదవాలా వద్దా అనుకున్నట్టున్నాడు. చదివాడు. "ఇంకా నూట ఎనభై అయిదు రోజులు."

నరసమ్మగారు కూడా విన్నారు. ఒక్కసారికే విన్నారు. కొంగు అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయారు.

నేను చెయ్యి కడుక్కుని వచ్చి వేళ్ళ మీద లెక్క పెట్టాను. వైశాఖం రెండు నుంచి ఇవాళ్టికి నూట డెబ్బై మూడు రోజులు. మూడువందల అరవైలో అవి పోతే నూట ఎనభై ఏడు ఉండాలి. మళ్ళీ లెక్కపెట్టాను. నూట ఎనభై ఏడే.

రెండు తగ్గించి చెప్పాడు.

దిద్దలేదు. నా పుస్తకంలో కూడా నూట ఎనభై అయిదు అనే వేసుకున్నాను.